పేరును సార్థకం చేసుకున్న రాణి – హయాత్ బక్షీ బేగం

బిడ్డకు తల్లిదండ్రులు ఇచ్చే తొలి కానుక పేరు. ఆ పేరులో వారి ఆశ, భయం, విశ్వాసం కలిసి ఉంటాయి. పుట్టిన బిడ్డ నిండు నూరేళ్లు బతకాలన్న కోరిక అన్ని జాతులలోనూ, అన్ని భాషలలోనూ పేర్లుగా మారింది. చిరంజీవి, ఆయుష్మతి వంటి తెలుగువారి పేర్లు ఆ కోరిక నుండి పుట్టినవే. పుట్టిన పిల్లలు దక్కకుండా పోతున్న ఇళ్లలో, మృత్యువు కన్ను పడకూడదని బిడ్డకు పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టే ఆచారం కూడా మన పల్లెలలో ఉండేది. ఒకటి సంస్కృత పదమైనా, మరొకటి పల్లెమాట అయినా రెండింటి వెనుక ఉన్న ప్రార్థన ఒక్కటే. అదే ప్రార్థన అరబ్బీ భాషలో ‘హయాత్’ అనే అందమైన పేరుగా రూపుదాల్చింది. ఆ పేరు ధరించిన ఒక తెలుగునేల రాణి, యాభై ఏళ్లకు పైగా గోలకొండ రాజ్య చరిత్రతో పెనవేసుకుని జీవించింది. ఆమే హయాత్ బక్షీ బేగం.

ఆమె పేరును తెలుసుకోవాలంటే ముందుగా కృష్ణా డెల్టా తీరాన్ని తలచుకోవాలి. ఈ ప్రాంతానికి సముద్రం ఏనాడూ సరిహద్దు కాలేదు. అది రాజబాటగానే ఉంది. దివిసీమలోని ఘంటసాల ప్రాచీన కాలంలోనే విదేశీ వర్తకులు ఎరిగిన రేవు. గుడివాడలో బయల్పడిన బౌద్ధస్తూప శిథిలాలు ఈ నేల పురాతన వైభవాన్ని చాటుతున్నాయి. కుతుబ్‌షాహీల కాలానికి ఆ ఘనత మచిలీపట్నానికి దక్కింది. అరేబియా, పారశీక దేశాల నుండి వచ్చిన ఓడలు సరకులతో పాటు మాటలను కూడా ఈ తీరంలో దించాయి. మచిలీపట్నాన్ని మనం ‘బందరు’ అని పిలుస్తాము. ఆ మాటకు పారశీకంలో రేవు అని అర్థం. పెడన, బందరు నేతవస్త్రాలపై వెలసే ‘కలంకారీ’లోని కలం, ఓడను నిలిపే ‘లంగరు’, మెచ్చి ఇచ్చే ‘బక్షీసు’ – ఇవన్నీ దూరదేశాల నుండి వచ్చి తెలుగింటి మాటలైపోయాయి. మాటలు స్థిరపడిన చోట పేర్లు కూడా స్థిరపడతాయి.

‘హయాత్’ అంటే జీవితం, ప్రాణం, ఆయువు. అరబ్బీ భాషలో చాలా పదాలు మూడు హల్లుల ధాతువు నుండి పుడతాయి. జీవించుట అనే అర్థం గల ధాతువు నుండే హయాత్ అనే మాట వచ్చింది. నిత్యుడు, ఎన్నటికీ మరణం లేనివాడు అనే అర్థంలో భగవంతునికి ‘అల్ హయ్యి’ అనే నామం ఉంది. అది కూడా ఈ ధాతువు నుండి పుట్టినదే. ప్రవక్తలలో ఒకరి పేరైన యహ్యాను సంప్రదాయం ఈ ధాతువుతోనే ముడిపెడుతుంది. జంతువును సూచించే ‘హైవాన్’, ఎదుటివారి దీర్ఘాయువును కోరే వందనాన్ని తెలిపే ‘తహియ్యా’ కూడా ఈ కుటుంబానికే చెందినవి. మనకు సుపరిచితమైన ఆయిషా అనే పేరుకూ జీవించేది అనే అర్థమే ఉన్నా, ఆ పేరుకు మూలమైన ధాతువు వేరు. హయాత్ అనే మాట అరేబియాలోనే ఉండిపోలేదు. పారశీకులు, తురుష్కులు దానిని తమదిగా చేసుకున్నారు. మన పొరుగున ఉన్న మరాఠీలో పింఛనుదారు బతికి ఉన్నట్లు చూపే పత్రాన్ని నేటికీ హయాతీ దాఖలా అనే అంటారు.

ఇక ‘బక్ష్’ అనేది పారశీక పదం. దానికి ప్రసాదించుట, క్షమించుట అనే అర్థాలు ఉన్నాయి. బక్షీసు దాని నుండి వచ్చినదే. ‘బేగం’ అనేది ప్రభుకుటుంబ స్త్రీలకు వాడే తురుష్క గౌరవపదం. ఈ విధంగా ఆ ఒక్క పేరులో మూడు భాషలు కలిశాయి. మొత్తం మీద ఆ పేరుకు ప్రాణదాత్రి అయిన రాణి అని అర్థం చెప్పుకోవచ్చు. షాజహాను ఢిల్లీ ఎర్రకోటలో నిర్మింపజేసిన ఉద్యానానికి కూడా హయాత్ బక్ష్ అనే పేరే ఉంది. నీటికాలువలతో, పూలమొక్కలతో సేదదీర్చే తోటకు ఆ పేరు తగినదే. అయితే ఒక మనిషి ఆ పేరును సార్థకం చేసుకోవడం అంత సులభం కాదు. హయాత్ బక్షీ బేగం జీవితం ఆ కష్టాన్ని మనకు తెలుపుతుంది.

ఆమె గోలకొండ అయిదవ సుల్తాను, హైదరాబాదు నగర నిర్మాత అయిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె. ఆయన స్వయంగా కవి. దక్కనీ ఉర్దూలో కవితాసంపుటిని వెలయించి, తన కవిత్వంలో తెలుగు మాటలకు కూడా చోటిచ్చిన రసికుడు. హయాత్ బక్షీ భాగమతి కుమార్తె అనే కథ లోకంలో ప్రచారంలో ఉంది. కాని భాగమతి కథ విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. సుల్తానుకు పుత్రసంతానం మిగలలేదు. అందువల్ల రాకుమారి వివాహం రాజ్యభవిష్యత్తుకు సంబంధించిన విషయమైంది. పారశీక చక్రవర్తి షా అబ్బాసు తన కుమారునికి ఆమెను కోరినట్లు చరిత్రకారులు పేర్కొన్నారు. సుల్తాను ఆమెను సముద్రాల కావలికి పంపలేదు. 1607లో తన సోదరుని కుమారుడైన సుల్తాన్ మహమ్మద్‌కు ఇచ్చి వివాహం జరిపించాడు. 1612లో మహమ్మద్ కులీ మరణించగా అల్లుడే సింహాసనం అధిష్ఠించాడు. మక్కా మసీదు నిర్మాణాన్ని ప్రారంభించినవాడు ఈ సుల్తానే.

రాకుమారి రాణిగా ఎదుగుతున్న ఆ సంవత్సరాలలోనే మచిలీపట్నం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 1606 నాటికి డచ్చివారు అక్కడ వర్తకస్థానం నెలకొల్పారు. 1611లో ‘గ్లోబ్’ అనే నౌకలో వచ్చిన ఆంగ్లేయులు వారి దారినే అనుసరించారు. డెల్టా పల్లెలలో నేసిన బట్టలు, అద్దకపు వస్త్రాలు పారశీక దేశానికి, తూర్పు దీవులకు, ఐరోపాకు తరలివెళ్లాయి. గోలకొండ వైభవానికి వజ్రపు గనులు ఒక కన్ను అయితే, బందరు రేవు రెండవ కన్ను. ఆ వైభవం వెనుక ఉన్న నేతగాని మగ్గాన్నీ, రైతు నాగలినీ మనం మరువరాదు. 1618 నుండి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్న మెథోల్డ్ అనే ఆంగ్ల వర్తకుడు, పన్నుల వసూలు హక్కును ఎక్కువ మొత్తానికి పాడుకున్నవారికి అప్పగించే పద్ధతిని, దాని వల్ల సామాన్యులు పడిన బాధలను వివరంగా వ్రాసిపెట్టాడు. అంతఃపురపు దీపాలు ఆ చమటతోనే వెలిగాయి.

1626లో సుల్తాన్ మహమ్మద్ అకాలమరణం చెందాడు. కుమారుడు అబ్దుల్లాకు అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. బాలుని సింహాసనంపై కూర్చుండబెట్టి, తెర వెనుక నిలిచి రాజ్యభారాన్ని మోసినది తల్లి హయాత్ బక్షీయే. ఒక సుల్తానుకు కుమార్తెగా, ఒక సుల్తానుకు భార్యగా, ఒక సుల్తానుకు తల్లిగా మూడు తరాల పాలనను ఆమె దగ్గరగా చూసింది. రాజనీతిలోని మెలకువలు ఆమెకు గ్రంథాలు నేర్పినవి కావు, అనుభవం నేర్పినవి. ప్రజలు ఆమెను గౌరవంగా ‘మా సాహెబా’ అని పిలిచేవారు. అమ్మగారు అని దాని అర్థం. హైదరాబాదులోని మాసబ్ ట్యాంకు అనే ప్రాంతనామం ‘మా సాహెబా తలాబ్’ అనే పేరుకు మారిన రూపమే.

ఆమె మాతృహృదయాన్ని తెలిపే కథ ఒకటి హైదరాబాదు ప్రజలలో తరతరాలుగా నిలిచి ఉంది. ఒకనాడు బాలుడైన అబ్దుల్లా ఎక్కిన ఏనుగు మదించి, మావటిని లెక్కచేయక అడవి దారి పట్టిందట. రోజులు గడిచినా కుమారుని జాడ తెలియలేదు. బిడ్డ క్షేమంగా తిరిగి వస్తే ఏనుగు గొలుసు అంతటి బంగారు గొలుసును సమర్పిస్తానని తల్లి మొక్కుకొన్నదట. కుమారుడు తిరిగి వచ్చాడు. ఆమె మొక్కు చెల్లించి, ఆ బంగారాన్ని పేదలకు పంచిపెట్టిందని చెబుతారు. మొహరం మాసంలో జరిగే లంగరు ఊరేగింపు అప్పటి నుండి మొదలైనదని ప్రతీతి. లంగరు అంటే గొలుసు అనే అర్థం కూడా ఉంది. బందరు తీరంలో ఓడను అలలకు కొట్టుకుపోకుండా నిలిపినదీ లంగరే. ఆ తల్లి కూడా తన కుమారునికీ, రాజ్యానికీ లంగరుగా నిలిచింది.

అయితే ఉత్తరాన లేచిన తుపానుకు ఆ లంగరు తట్టుకోవలసి వచ్చింది. 1636లో మొగలు చక్రవర్తి షాజహాను ఒత్తిడికి తలవంచి అబ్దుల్లా సామంతత్వాన్ని అంగీకరించాడు. ఏటా రెండు లక్షల హొన్నుల కప్పం చెల్లించడానికి ఒప్పుకున్నాడు. రాజ్యంలో మరొక ప్రమాదం కూడా పెరుగుతూ వచ్చింది. పారశీక దేశం నుండి వజ్రాల వర్తకునిగా వచ్చిన మహమ్మద్ సయ్యద్ అనే మేధావి 1630వ దశకంలో మచిలీపట్నానికి హవల్దారుగా నియమితుడై, రేవు వ్యవహారాలలో తన సామర్థ్యాన్ని చూపాడు. అనతికాలంలోనే మీర్ జుమ్లా పదవిని చేజిక్కించుకుని, సొంత నౌకలు, సొంత సైన్యం గల ప్రభువుగా ఎదిగాడు. కర్ణాటక సీమను జయించి, అక్కడ దాదాపు స్వతంత్రుడై నిలిచాడు. సేవకుని బలం ప్రభువును మించినప్పుడు వారి మధ్య విశ్వాసం నిలవదు. సుల్తాను అనుమానించాడు, మీర్ జుమ్లా మొగలులను ఆశ్రయించాడు. 1655 చివరలో అబ్దుల్లా అతని కుమారుని బంధించడంతో, దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబుకు ఎదురుచూస్తున్న అవకాశం లభించింది.

1656 జనవరిలో ఔరంగజేబు పెద్దకుమారుడు మహమ్మద్ సుల్తాన్ సేనలతో హైదరాబాదులో ప్రవేశించాడు. అబ్దుల్లా గోలకొండ కోటలో తలదాచుకున్నాడు. నగరం దోపిడికి గురైంది. ఫిబ్రవరిలో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను ముట్టడించాడు. రాజ్యాన్ని పూర్తిగా కబళించాలన్నదే అతని కోరిక. సుల్తాను ప్రాణానికే ముప్పు ఏర్పడింది. సంధి ప్రయత్నాలు సాగినా అవి ఫలించే సూచనలు కనబడలేదు.

ఆ సంకట సమయంలో హయాత్ బక్షీ బేగం స్వయంగా శత్రుశిబిరానికి వెళ్లింది. అప్పటికి ఆమె వివాహం జరిగి నలభైతొమ్మిదేళ్లు గడిచాయి. జీవితమంతా పరదాల చాటున, పరిచారికల నడుమ గడిపిన వృద్ధరాణి, తన నగరాన్ని దోచిన సేనల మధ్యకు నడిచివెళ్లడం సామాన్య విషయం కాదు. ఆమె వెంట సైన్యం లేదు. ఆమె బలమల్లా వయస్సు తెచ్చిన గౌరవం, తల్లి అనే హోదా మాత్రమే. మొదట మహమ్మద్ సుల్తాన్ శిబిరంలో, ఆ తరువాత ఔరంగజేబు ఎదుట ఆమె తన కుమారుని ప్రాణాన్ని, అతని రాజ్యాన్ని అర్థించింది. యుద్ధరంగంలో కత్తి సాధించలేనిదాన్ని ఆమె మాట సాధించడానికి ప్రయత్నించింది.

సంధికి మార్గం ఏర్పడింది. కాని ఆ శాంతికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. కోటి రూపాయల పరిహారం నిర్ణయమైంది. రామగిరి ప్రాంతాన్ని మొగలులకు వదులుకోవలసి వచ్చింది. అబ్దుల్లా కుమార్తెను మహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చి వివాహం చేశారు. ఆ పరిహారపు భారం చివరికి ఎవరి మీద పడుతుందో చెప్పనవసరం లేదు. మగ్గం ముందు కూర్చున్నవాడు, మడిలో నాట్లు వేసినది దాన్ని మోయవలసినవారే. రాణి మనుమరాలి జీవితం కూడా ఒప్పందంలో ఒక షరతుగా మారింది. ఆమె భర్త తరువాతి వారసత్వ యుద్ధంలో తన తండ్రిని విడిచి పెదతండ్రి షూజా పక్షం చేరి, ఆ తప్పుకు చిరకాలం చెరసాలలో మగ్గాడు. ఒక ప్రాణాన్ని నిలబెట్టడానికి మరికొన్ని జీవితాలు తాకట్టు పడిన సత్యాన్ని చరిత్ర దాచలేదు.

ముట్టడి ఎత్తివేయడానికి రాణి రాయబారం ఒక్కటే కారణమని చెప్పడం కూడా సరికాదు. ఢిల్లీ దర్బారులో దారా షికో ప్రభావం వల్ల షాజహాను యుద్ధం ఆపవలసిందిగా ఆజ్ఞ పంపాడు. మార్చి నెలాఖరుకు మొగలు సేనలు ముట్టడిని విరమించాయి. అయినప్పటికీ, అందరూ కోటగోడల వెనుక ఉన్న వేళ గడప దాటి వెళ్లిన ధైర్యం ఆమెదే. ఆనాడు నిలిచిన గోలకొండ, 1687లో ఔరంగజేబుకు వశమయ్యే వరకు మరో ముప్పై ఒక్క ఏళ్లు మనుగడ సాగించింది. ప్రాణదాత్రి అనే పేరు ఒక రాజ్యానికి ముప్పై ఒక్క ఏళ్ల ఆయువుగా ఫలించింది.

ఆ రాజ్యం తెలుగు సంస్కృతికి పరాయిది కాదు. దివిసీమకు చేరువలోని మొవ్వ గ్రామానికి చెందిన పదకవి క్షేత్రయ్య గోలకొండ ఆస్థానాన్ని దర్శించి అక్కడ మన్ననలు పొందిన సంగతి ఆయన పదం ద్వారానే తెలుస్తున్నది. 1656 తరువాత లభించిన గడువులోనే అబ్దుల్లా అల్లుడు అబుల్ హసన్ తానీషా 1672లో సుల్తాను అయ్యాడు. అక్కన్న, మాదన్నలు అతని పాలనలో రాజ్యాన్ని నడిపారు. భద్రాచల రామదాసు కథ ఆ కాలానిదే. తానీషా మచిలీపట్నం వెళ్తూ కూచిపూడి భాగవతుల ప్రదర్శన చూసి, మెచ్చి, ఆ గ్రామాన్ని వారికి అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతున్నది. నాడు శత్రుశిబిరంలో ఒక వృద్ధమాత కోరిన ప్రాణభిక్షకూ, కృష్ణాతీరపు నాట్యకళకు లభించిన ఆదరణకూ ఇలా ఒక దూరపు బంధం ఉంది.

హయాత్ బక్షీ బేగం 1667లో మరణించింది. గోలకొండ సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో సుల్తానుల సమాధులకు తీసిపోని ఘనతతో ఆమె సమాధి నిలిచి ఉంది. హైదరాబాదుకు తూర్పున ఉన్న హయత్‌నగర్ ఆమె పేరుతో వెలసినదే. అక్కడి మసీదు, దాని చుట్టూ బాటసారుల కోసం కట్టిన గదులు, సమీపంలోని ఏనుగుల బావి ఆ కాలపు జ్ఞాపకాలుగా మిగిలాయి. గోలకొండ నుండి తూర్పుతీరానికి సాగే వర్తకులకు అది విడిది. ఎండలో నడిచి వచ్చినవారికి నీడను, నీటిని ఇచ్చే చోటుకు హయాత్ అనే పేరు కుదరడం ఎంత సముచితం! నేటి జాతీయ రహదారి కూడా హయత్‌నగర్ మీదుగానే విజయవాడ చేరి, ఉయ్యూరు, పామర్రు దాటి మచిలీపట్నంలో సముద్రాన్ని సమీపిస్తుంది. పామర్రు వద్ద ఒక దారి గుడివాడకు, మరొక దారి కూచిపూడి, చల్లపల్లి మీదుగా దివిసీమకు చీలుతుంది. ఒక రాణి పేరుగల ఊరినీ, ఆమె కాలంలో రాజ్యానికి సిరులందించిన రేవునూ ఆ రహదారి ఇప్పటికీ కలుపుతూనే ఉంది.

పేరు పెట్టడం పెద్దల పని. దానికి అర్థం కల్పించడం ఆ పేరు ధరించినవారి పని. హయాత్ బక్షీ బేగం అజేయురాలు కాదు. ఆమె చూసిన పాలనలో లోపాలు ఉన్నాయి. ఆమె సాధించిన శాంతికి మూల్యం ఉంది. అయినా ఆపద వేళ ఆమె ఎంచుకున్నది ప్రతీకారాన్ని కాదు, ప్రాణరక్షణను. విజయం కంటే ప్రాణం విలువైనదని ఆమె నడవడి తెలిపింది. అరేబియా ఎడారిలో పుట్టి, పారశీక పదంతో జతకట్టి, తెలుగునేల మీద ఒక తల్లి ధైర్యంగా వికసించిన ఆ పేరు మనకు చెప్పేది ఒక్కటే. మాటలకు దేశాలు వేరు కావచ్చు, లిపులు వేరు కావచ్చు. బిడ్డ బతకాలని కోరే తల్లి మనస్సుకు మాత్రం దేశమూ లేదు, లిపీ లేదు. మన తరగతిలో మన ప్రక్కన కూర్చున్న స్నేహితురాలి పేరు మనకు కొత్తగా వినిపించినప్పుడు, ఆ పేరుకు అర్థమేమిటని ఆదరంతో అడిగి తెలుసుకుందాం. ఆ పేరులో కూడా మన ఇంటి ప్రార్థనే వినిపిస్తుంది.